ఆటిజం గల బిడ్డకు వైకల్య ధ్రువపత్రము: తలిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు

ఆటిజం గల బిడ్డ ముఖము చూచి ఆ బిడ్డకు వైకల్యము కలదని ఎవరును చెప్పజాలరు. కాలు లేనివానికి చంకకర్ర కలదు, చూపు లేనివానికి తెల్లకర్ర కలదు. ఈ బిడ్డకు అట్టి గుర్తు ఏదియు లేదు. నడచును, పరుగెత్తును, ఒక్కొక్కప్పుడు ఒక్కసారి విన్న పాటను ఆమూలాగ్రముగా పాడును. కాని పేరు పెట్టి పిలిచిన పలుకదు. దాహమైన నోటితో అడుగజాలక తల్లి చేయి పట్టుకొని నీళ్ళకుండ దగ్గరకు లాగికొనిపోవును. కుక్కరు కూత వినగానే చెవులు మూసికొని గంటసేపు ఏడ్చును. ఇట్టి బిడ్డను పెంచుటలో తలిదండ్రులు పడు శ్రమ ఇరుగుపొరుగువారి కంటికి కనబడదు. కచేరీలలోని ఉద్యోగుల కంటికి అంతకంటెను కనబడదు. కనబడని ఈ కష్టమును ప్రభుత్వమునకు కనబడునట్లు చేయు సాధనము వైకల్య ధ్రువపత్రము. దానిని పొందుట ఎట్లు, పొందిన పిదప ఏమేమి అడుగవచ్చును, ఎక్కడెక్కడ చిక్కులు కలుగుచున్నవి అను విషయములు ఈ చిన్న పొత్తమున చెప్పబడుచున్నవి.

ముందుగా ఒక్క మాట. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. దాని లక్షణములు సామాన్యముగా మొదటి మూడేండ్లలోనే కనబడును. ఇది తల్లి పెంపకములోని లోపము వలన కలుగునది కాదు. టీకాల వలన కలుగునది కాదు. దిష్టి మాట చెప్పనక్కరలేదు. “వాళ్ళ నాన్నకు కూడా నాలుగేళ్ళకు గాని మాట రాలేదు” అని ఇంటి పెద్దలు చెప్పు ఓదార్పు ప్రేమతో చెప్పినదే. కాని దానిని నమ్మి ఊరకున్న రెండేండ్లు బిడ్డకు నష్టమగును. మాట నేర్పుట, పనులు నేర్పుట ఎంత చిన్న వయస్సున మొదలిడిన అంత ఫలితము కలదు.

చట్టము చెప్పునది

1995లో వెలువడిన వికలాంగుల చట్టమునందు ఏడు విధముల వైకల్యములు మాత్రమే పేర్కొనబడినవి. వానిలో ఆటిజం లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము ఆటిజంను తన పరిధిలోనికి తీసికొన్నది. అయినను ధ్రువపత్రము దగ్గరకు వచ్చుసరికి ఈ పిల్లలలో అనేకులకు బుద్ధిమాంద్యము అను పేరుతోనే పత్రములు వ్రాసి ఇచ్చుచుండిరి. బుద్ధిలో లోటు లేని పిల్లలకు ఆ దారియు లేకపోయెను. 2016 సంవత్సరము ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము ఆటిజంను కొలిచి ధ్రువీకరించు పద్ధతిని ప్రకటించినది. ఆ యేడే డిసెంబరులో వికలాంగుల హక్కుల చట్టము ఆమోదింపబడి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఇందు 21 వైకల్యములు చేర్చబడినవి. ఆటిజం తన పేరుతోనే వానిలో నున్నది. కావున నేడు ఏ వైద్యుడైనను, ఏ ఉద్యోగియైనను “ఆటిజంకు సర్టిఫికెట్ ఉండదు” అని చెప్పిన, ఆ మాట చట్టమునకు విరుద్ధము.

ఈ చట్టములో 40 శాతము అను అంకె ముఖ్యమైనది. వైకల్యము 40 శాతము గాని అంతకు మించి గాని యున్నదని వైద్యాధికారులు ధ్రువీకరించిన వారికే రిజర్వేషన్లు, ఉచిత విద్య మొదలైన ప్రధాన సౌకర్యములు లభించును. తలిదండ్రులు వైద్యాలయమునకు పోవునప్పుడు ఈ అంకెను మనస్సులో నుంచుకొనవలెను.

బిడ్డకు జీవితాంతము మచ్చ పడునను భయముతో కొందరు పత్రమునకు పోకుండుట మనము చూచుచున్నాము. ముఖ్యముగా ఆడబిడ్డ యైనచో, రేపు పెండ్లి మాట ఏమగునోయని దాచుదురు. ఈ భయము అర్థము కానిది కాదు. కాని పత్రము ఇంటి బీరువాలో నుండు కాగితము. తలిదండ్రులు చూపిన చోటనే అది కనబడును. దాచుట వలన ఆటిజం పోదు, అందవలసిన సాయము మాత్రము పోవును.

దరఖాస్తు

ఆరేండ్లలోపు బిడ్డ యైనచో, అంగన్‌వాడీలోను, ఆ పిమ్మట ప్రభుత్వ పాఠశాలలోను పిల్లలను పరీక్షించుటకు వచ్చు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందమునకు బిడ్డను చూపుట సులభమైన మార్గము. 2013లో ప్రారంభమైన ఈ కార్యక్రమము పుట్టుక మొదలు 18 ఏండ్ల వరకు గల పిల్లలకు వర్తించును; పరిశీలింపబడు లోపములలో ఆటిజం కూడ నున్నది. అనుమానము కలిగిన బిడ్డను ఆ బృందము జిల్లా కేంద్రములోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును. అచట పరీక్షకు, శిక్షణకు రుసుము లేదు. అక్కడ వ్రాసి ఇచ్చిన ప్రతి కాగితమును భద్రపరచవలెను. ధ్రువపత్రమునకు పోయినప్పుడు అవి అక్కరకు వచ్చును.

ధ్రువపత్రమునకు దరఖాస్తు ఇప్పుడు కాగితముపై కాక కంప్యూటరు ద్వారానే చేయవలసి యున్నది. 2021 జూన్ 1 నుండి దేశమంతట స్వావలంబన్ అను కేంద్రప్రభుత్వ పోర్టలు ద్వారానే పత్రములు జారీ యగుచున్నవి. పత్రముతో పాటు 18 అంకెల సంఖ్య గల యూడీఐడీ కార్డు కూడ ఇవ్వబడును. తెలుగునాట ఈ పరీక్షను జనులు నేటికిని “సదరం” అనియే పిలుతురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పాత పద్ధతి పేరు అది. ఇంట కంప్యూటరు లేనివారు మీసేవా కేంద్రములో గాని, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయములో గాని అడిగి దరఖాస్తు చేయించుకొనవచ్చును. ఆధార్ కార్డు, నివాసమునకు ఆధారము, ఆరు నెలల లోపు తీయించిన ఫొటో కావలెను. కార్డుపై పేరు, పుట్టినతేది ఆధార్‌లో నున్నట్లే పడును. వానిలో తప్పులున్నచో ముందుగా ఆధార్‌లోనే దిద్దించుకొనుట మంచిది. ఈ చిన్న సంగతి వలన నెలల తరబడి తిరిగినవారు కలరు.

2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారము వైద్యాధికారులు మూడు నెలలలోగా పత్రము ఇవ్వవలెను. పరీక్షకు పిలిచిన దినమున తప్పక పోవలెను. హాజరు కాక రెండేండ్లు గడచినచో దరఖాస్తు మురిగిపోయి మరల మొదటి నుండి చేయవలసి వచ్చును.

పరీక్ష జరుగు దినము

ఈ భాగమును తలిదండ్రులు శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాము. ఏలయన, పత్రము అందక పోవుటకు గాని, శాతము తగ్గుటకు గాని కారణము తరచుగా ఇక్కడనే ఉండును.

ఆటిజంను కొలుచుటకు మన దేశమున ఒక కొలమానము కలదు. దానిని భారతీయ ఆటిజం మదింపు కొలమానము అందురు; ఆంగ్ల అక్షరములతో ‘ఇసా’ అని వ్యవహారము. దీనిని రూపొందించినది మన సికింద్రాబాదులోనే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపింపబడి, ఇప్పుడు జాతీయ మేధో వైకల్యము గల వ్యక్తుల సాధికారతా సంస్థ అని పేరు మారిన సంస్థ. ఇందు 40 అంశములు కలవు. ఇతరులతో కలియుట, భావోద్వేగములు, మాట, ప్రవర్తన, ఇంద్రియముల స్పందన, గ్రహణశక్తి అను ఆరు భాగములుగా అవి విభజింపబడినవి. ఒక్కొక్క అంశమునకు 1 నుండి 5 వరకు మార్కులు. ఆ లక్షణము అరుదుగా కనబడిన 1, అప్పుడప్పుడు కనబడిన 2, ఇట్లు పెరిగి ఎల్లప్పుడును ఉన్నచో 5. కావున మొత్తము 40కి తగ్గదు, 200కు మించదు. 70 వచ్చినచో ఆటిజం ఉన్నట్లు. అచటనే 40 శాతము మొదలగును. 69 వచ్చిన బిడ్డకు ఏమియు లేదు. ఒక్క మార్కు తేడాతో తలుపు తెరచుకొనును, లేక మూసికొనును.

ఇప్పుడు ఆ గదిలో జరుగు సంభాషణ వంటిది ఒకటి ఊహించి చూడుడు. మనస్తత్వ నిపుణురాలు అడుగును: “అమ్మా, బాబు తనంతట తాను అన్నం తింటాడా?” తల్లి చెప్పును: “తింటాడండీ.” నిజమే, తినును. కాని ఒకే పళ్ళెములో, పెరుగన్నము మాత్రమే, తల్లి ప్రక్కన కూర్చున్నప్పుడు మాత్రమే తినును. పళ్ళెము మారిన విసరివేయును. ఆ మాట తల్లి చెప్పలేదు. “ఇతర పిల్లలతో ఆడతాడా?” “ఆడతాడండీ.” పిల్లలు ఆడుచుండగా ఈ బిడ్డ వారి చుట్టును గుండ్రముగా తిరుగును, తల్లికి అదియే ఆటగా తోచినది. “రాత్రి నిద్రపోతాడా?” “పోతాడండీ.” రెండు గంటలకు లేచి తెల్లవారువరకు మేలుకొని యుండును, మూడేండ్లుగా అట్లే యున్నందున తల్లికి అది చెప్పదగినదిగా తోచలేదు. పరాయివారి ఎదుట బిడ్డను తక్కువచేసి చెప్పకూడదను మమకారము కూడ దీనికి తోడగును. మూడు ప్రశ్నలకు మూడు అబద్ధములు చెప్పకయే ఆ తల్లి బిడ్డ మార్కులను తగ్గించినది.

ఈ కొలమానము ‘చేయునా, చేయదా’ అని కాక ‘ఎంత తరచుగా’ అని అడుగుచున్నది. కావున జవాబును కూడ అట్లే చెప్పవలెను. వారములో ఎన్ని దినములు, దినములో ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎవరి సాయముతో? పరీక్షకు ముందు ఒక పదిహేను దినముల పాటు చిన్న నోటుపుస్తకములో వ్రాసికొనుట ఉత్తమమైన పద్ధతి. ఏ సమయమున నిద్ర లేచినది, ఏమి తిన్నది, ఎందులకు ఏడ్చినది, తలను గోడకు ఎన్నిసార్లు కొట్టుకొన్నది, రోడ్డుపై చేయి విడిచి పరుగెత్తినదా, మలమూత్రములు చెప్పగలిగినదా అనునవి వ్రాసిన చాలును. ఇంటివద్ద బిడ్డ ప్రవర్తనను ఫోనులో చిత్రించి తీసికొనిపోవుట మంచిది. కొత్త చోట ఒక్కొక్క బిడ్డ ఆ దినమంతయు నిశ్శబ్దముగా కూర్చుండిపోవును, చూచువారికి “బాగానే ఉన్నాడు కదా” అనిపించును. ఉపాధ్యాయుడు ఒక చిన్న ఉత్తరము వ్రాసి ఇచ్చినచో దానికి మంచి విలువ కలదు.

బిడ్డకు తెలిసినవి కూడ చెప్పవలెను. లేనిది చెప్పి శాతము పెంచజూచుట తగదు. మోసముతో సౌకర్యము పొందిన, లేక పొందజూచిన వారికి రెండేండ్ల వరకు కారాగారము గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించుటకు చట్టములో వీలున్నది. శాతము పెంచి ఇప్పింతుమని ఆసుపత్రి ఆవరణలో తిరుగు దళారులను దగ్గరకు రానీయరాదు.

18 ఏండ్లు నిండకముందు ఇచ్చు పత్రము సాధారణముగా గడువు గలది. గడువు తేది పత్రముపైననే ఉండును. ఆ తేదికి ఆరు నెలల ముందుగానే మరల దరఖాస్తు పెట్టుట మేలు. గడువు దాటిన దినమున పింఛను నిలిచిపోయి, పరీక్ష తేది ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచు కుటుంబములు అనేకము.

పత్రము నిరాకరించినచో కారణమును వ్రాతపూర్వకముగా తెలుపవలసిన బాధ్యత వైద్యాధికారులది. నోటిమాటతో పంపివేసిన తృప్తిపడక కాగితము అడుగవలెను. శాతము తప్పని తోచినను, నిరాకరణ అన్యాయమని తోచినను, 90 దినములలోగా రాష్ట్రప్రభుత్వము నియమించిన అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును.

పత్రముతో అడుగదగినవి

ఈ పత్రము దేశమంతట చెల్లును. తిరుపతిలో పొందిన పత్రమును బెంగుళూరులోను, పూనాలోను నిరాకరింపరాదు. కాని పింఛను రాష్ట్రము రాష్ట్రమునకు వేరు. కేంద్రప్రభుత్వపు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను 18 ఏండ్లు నిండి, 80 శాతము వైకల్యము గల పేదలకు మాత్రమే. నెలకు 300 రూపాయలు. పిల్లలకు అది వర్తించదు. తెలుగు రాష్ట్రములలో మాత్రము వికలాంగుల పింఛనుకు వయోనియమము లేదు. పేద కుటుంబములోని చిన్నబిడ్డ పేరిట కూడ అడుగవచ్చును. తెలంగాణలో 2023లో ఈ పింఛను 3,016 రూపాయల నుండి 4,016కు పెంచబడినది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి 6,000 రూపాయలు చేయబడినది. పత్రము వచ్చినంత మాత్రమున పింఛను రాదు, దానికి వేరుగా దరఖాస్తు చేయవలెను. పత్రము చేతికి వచ్చిన పిదప ఇక వారే పంపుదురని సంవత్సరము ఎదురుచూచువారు కలరు కనుక ఇది చెప్పవలసి వచ్చినది.

ఆరోగ్య బీమా విషయములో జాతీయ ట్రస్టు వారి ‘నిరామయ’ పథకము ఈ పిల్లలకు మిక్కిలి ఉపయోగకరమైనది, పలువురికి తెలియనిది కూడ. స్వల్పమైన రుసుముతో సంవత్సరమునకు లక్ష రూపాయల వరకు వైద్యవ్యయము లభించును. చేరుటకు ముందు వైద్యపరీక్ష లేదు, వయస్సు పరిమితి లేదు. ఆసుపత్రిలో చేరిన ఖర్చే కాక, మాట నేర్పు శిక్షణ వంటి నిత్యచికిత్సలకు కూడ నిర్ణీత పరిమితులకు లోబడి సొమ్ము ఇత్తురు. సొంత డబ్బు చెల్లించి రశీదులు పంపి తిరిగి పొందు పద్ధతి; కావున ప్రతి రశీదును దాచవలెను. ఏటేట పునరుద్ధరించుట మరువరాదు.

చదువు సంగతి. 40 శాతము వైకల్యము గల బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు, సమీపములోని పాఠశాలలో గాని, తాము కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. “ఈ బిడ్డను మేము చూడలేము” అని ప్రభుత్వ పాఠశాలగాని, ప్రభుత్వ గుర్తింపు పొందిన పాఠశాలగాని త్రిప్పిపంపుట చట్టసమ్మతము కాదు. సమగ్ర శిక్షా పథకమునందు ప్రత్యేక అవసరములు గల ఒక్కొక్క విద్యార్థికి ఏటా 3,500 రూపాయల వరకు కేటాయింపు కలదు. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు వేతనము అదనము. తెలుగు రాష్ట్రములలో మండలములందున్న ‘భవిత’ కేంద్రములలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఈ పిల్లలకు శిక్షణ ఇచ్చుచున్నారు. మండల విద్యాధికారి కచేరీలో అడిగినచో కేంద్రము ఎక్కడనో చెప్పుదురు. పరీక్షలలో వ్రాయుటకు సహాయకుని, అదనపు సమయమును కోరవచ్చును. పరీక్ష ముందటి దినమున కాక, రుసుము కట్టునాడే ప్రధానోపాధ్యాయునికి దరఖాస్తు ఇవ్వవలెను. తొమ్మిదవ తరగతి మొదలు కేంద్రప్రభుత్వ ఉపకార వేతనములు కలవు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో వికలాంగులకు 5 శాతము స్థానములు, ప్రభుత్వోద్యోగములలో 4 శాతము. ఆ నాలుగింటిలో ఒక శాతము ఆటిజం, మేధో వైకల్యము, నిర్దిష్ట అభ్యసన వైకల్యము, మానసిక రుగ్మత, బహువిధ వైకల్యములు గలవారందరికి కలిపి.

ఆదాయపు పన్ను కట్టువారు, పాత పన్ను విధానమును ఎంచుకొన్నచో, వైకల్యము గల బిడ్డ పోషణకై 75,000 రూపాయలు, వైకల్యము 80 శాతము గాని అంతకు మించి గాని యున్నచో 1,25,000 రూపాయలు ఆదాయములో తగ్గించి చూపవచ్చును. ఆటిజం విషయములో నిర్ణీత నమూనాలో వైద్యుని పత్రము వేరుగా కావలెను. కేంద్రప్రభుత్వోద్యోగినులకు ఉద్యోగకాలములో 730 దినముల శిశు సంరక్షణ సెలవు కలదు. ఇతర పిల్లలకు 18 ఏండ్ల హద్దు ఉండగా, వైకల్యము గల బిడ్డకు ఆ హద్దు లేదు. ఒంటరి తండ్రికి కూడ ఈ సెలవు ఇత్తురు. బిడ్డను ప్రధానముగా చూచుకొను ఉద్యోగి మామూలు బదిలీల నుండి మినహాయింపు కోరవచ్చును.

పదునెనిమిదేండ్లు నిండినప్పుడు

పిల్లవాడు చిన్నవాడుగా ఉన్నంతకాలము తలిదండ్రులే సహజ సంరక్షకులు. 18 నిండిన మరునాడు, చట్టము దృష్టిలో అతడు పెద్దవాడు. తన సంతకము తాను చేయలేకపోయినను, బ్యాంకువారు తండ్రి సంతకమును అంగీకరింపకపోవచ్చును. పింఛను ఖాతా సైతము చిక్కులో పడవచ్చును. దీనికి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టములో మార్గము కలదు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ యుండును. తల్లి గాని, తండ్రి గాని, బంధువు గాని దరఖాస్తు చేసిన, సంరక్షకుడు అవసరమా, ఏ విషయములలో అవసరము అని విచారించి కమిటీ నియామకము చేయును. కోర్టు ఖర్చు లేదు. అన్ని పనులు తానే చేసికొనగల యువకునకు సంరక్షకుడు అక్కరలేదు. కేవలము పేరునకు హక్కులు తీసివేయుట తగదని మా అభిప్రాయము.

ప్రభుత్వోద్యోగియైన తండ్రి, లేక తల్లి, తమ సేవా పుస్తకములో బిడ్డ వైకల్యమును నమోదు చేయించుట మరువరాదు. సంపాదించుకొనలేని బిడ్డకు తలిదండ్రుల తదనంతరము జీవితాంతము కుటుంబ పింఛను లభించు అవకాశము కలదు. తలిదండ్రులు జీవించి యుండగా కాగితములు సిద్ధపరచినచో, తరువాత అన్నదమ్ములు ఆ బిడ్డను వెంటబెట్టుకొని వైద్యమండలి చుట్టు తిరుగు శ్రమ తప్పును. ప్రైవేటు కంపెనీలలో భవిష్యనిధి పింఛనుకు అర్హులైన వారి సంపూర్ణ, శాశ్వత వైకల్యము గల బిడ్డకు కూడ అట్టి పింఛను నియమము కలదు.

సంరక్షకుడుగా నియమితుడైనవాడు, నియామకము జరిగిన ఆరు నెలలలోగా ఆ వ్యక్తికి గల ఆస్తిపాస్తుల, రాబడి బాకీల జాబితాను కమిటీకి ఒప్పగించవలెను. అటుపై ప్రతి ఆర్థిక సంవత్సరము ముగిసిన మూడు నెలలలోగా లెక్కలు చూపవలెను. ఇందులకై మొదటి దినము నుండియే వేరుగా ఒక పద్దుపుస్తకము తెరచి, పింఛను ఎంత వచ్చినది, దేనికి ఎంత వ్యయమైనది వ్రాయుచుండవలెను.